పాత పిల్లల పుస్తకాలు ఆన్‌లైన్‌లో కొనేముందు: ధర సరైనదో కాదో తేల్చుకోవడం ఎలా?

ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో ఒక ఫొటో కనబడుతుంది. పాత చందమామ, అట్ట మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ. కింద ఒక ధర, పక్కనే ‘రేర్’ అన్న మాట. చిన్నప్పుడు మనింట్లో ఉన్న సంచికే అని గుర్తుపట్టగానే ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో చాలామంది అడిగినంతా కట్టేస్తారు. పాత పుస్తకాలకి అచ్చేసిన రేట్ల పట్టిక ఎక్కడా లేదు, నిజమే. అంతమాత్రాన నోటికొచ్చిన ధర కట్టాల్సిన పని లేదు. ఒక్క పావుగంట ఓపిక పడితే ఏ పుస్తకానికైనా మీ లెక్క మీరు వేసుకోవచ్చు. తెలుగులో ఎక్కువగా చేతులు మారేవి చందమామలూ, మాస్కో నుంచి వచ్చిన బొమ్మల పుస్తకాలూ కాబట్టి వాటినే ఉదాహరణగా తీసుకుంటున్నాను. బాల, బొమ్మరిల్లు, బాలమిత్ర పత్రికలకి కూడా పద్ధతి ఇదే.

ధరని రెండు ముక్కలు చేయండి

అన్నిటికంటే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒకటుంది. మీకు కావాల్సింది ఆ కథా, ఆ కాగితమా?

పిల్లలకి చదివి వినిపించడానికైతే పాత కాపీయే కావాలని లేదు. సోవియట్ పిల్లల పుస్తకాలు చాలావాటిని సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ వాళ్లు మళ్లీ అచ్చువేశారు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలకి కూడా కొత్త ముద్రణలు వస్తుంటాయి. పాత చందమామల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) వెబ్‌సైట్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కొత్త ముద్రణ వంద రూపాయలకి దొరుకుతుంటే కథ విలువ వంద రూపాయలని లెక్క. అదే పుస్తకం పాత కాపీకి పన్నెండొందలు అడుగుతున్నారంటే మిగతా పదకొండొందలూ పాత కాగితానికి, ఆనాటి అచ్చుకి, మీ జ్ఞాపకానికి కడుతున్నారన్నమాట. అలా కట్టడం తప్పేమీ కాదు. నేనూ కడతాను. కానీ దేనికి ఎంత కడుతున్నామో తెలిసి కట్టాలి. ఈ విభజన చేసుకుంటే చాలాసార్లు మనసు అక్కడే తేలిపోతుంది.

ఏ ముద్రణో మీరే గుర్తుపట్టండి

అమ్మేవాళ్లు రాసిన సంవత్సరాన్ని ఉన్నదున్నట్టు నమ్మకండి. అబద్ధం చెబుతారని కాదు, చాలామందికి తెలియదు. అట్ట ఊడిపోయిన పుస్తకానికి వాళ్లూ ఊహించే రాస్తారు. ఇంప్రింట్ పేజీ, అంటే ప్రచురణ వివరాలుండే పేజీ ఫొటో అడగండి. అందులోని చిన్న చిన్న గుర్తులే కాలాన్ని చెప్పేస్తాయి.

వెల అణాల్లో ఉంటే అది దాదాపుగా 1957కి ముందుది. ఆ ఏడాది ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. కొత్తకి జనం అలవాటుపడే దాకా కొన్నాళ్లు రెండు లెక్కలూ నడిచాయి. ‘నయాపైసలు’ అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది, ఎందుకంటే 1964 జూన్ నుంచి ‘నయా’ పోయి వట్టి పైసలు మిగిలాయి. చిరునామాలో ‘మద్రాసు–26’ అని మాత్రమే ఉంటే పాతది కావచ్చు. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతదే, ముందుది అయ్యే వీలే లేదు. ‘చెన్నై’ అని ఉంటే 1996 తర్వాతది. సంపుటి, సంచిక సంఖ్యలు కూడా నెలతో కలుస్తున్నాయో లేదో చూడండి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామని మొదలుపెట్టింది 1947 జులైలో. సంపుటాల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. ఇంకో సంగతి: 1998లో పత్రిక ఆగిపోయి, మళ్లీ 1999 చివర్లో మొదలైంది. ‘1999 సంవత్సరం పన్నెండు సంచికల సెట్’ అని ఎవరైనా పెడితే ఒకసారి ఆగి అడగండి.

మాస్కో పుస్తకాలకి ప్రచురణాలయం పేరే పెద్ద ఆధారం. ‘విదేశీ భాషా ప్రచురణాలయం’ అని ఉంటే 1960ల మొదటి వరకూ వచ్చినది. తర్వాత అదే ‘ప్రగతి ప్రచురణాలయం’ అయింది. 1982లో కథాసాహిత్యం, పిల్లల పుస్తకాలు విడిపోయి ‘రాదుగ’ కిందికి వెళ్లాయి. కాబట్టి రాదుగ పేరున్న పుస్తకాన్ని అరవైల నాటిదని అమ్మజూపితే అది పొరపాటే. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విడిపోవడంతో ఈ మొత్తం ప్రవాహమే ఆగిపోయింది.

చాలామంది వదిలేసే పేజీ ఒకటుంది. ఈ పుస్తకాల్లో చివరి పేజీలోనో, టైటిల్ పేజీ వెనకో చిన్న అక్షరాల్లో రష్యన్‌లో నాలుగైదు వరుసలు ఉంటాయి. ఆ ఫొటో తెప్పించుకుని గూగుల్ లెన్స్‌తో చదవండి. తెలుగు భాషలో అచ్చయిందని, ఏ నెలలో అచ్చుకి వెళ్లిందని, కొన్నిటిలో ఎన్ని కాపీలు వేశారని కూడా ఉంటుంది. కాపీల సంఖ్యని రష్యన్‌లో ‘తిరాజ్’ అంటారు. అక్కడ వేలల్లో అంకె కనబడితే ‘దేశంలో ఇదొక్కటే కాపీ’ అన్న మాటకి ఎంత బరువివ్వాలో మీకే తెలుస్తుంది. మొదటి ముద్రణా, పునర్ముద్రణా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. ప్రగతి వేసిన పుస్తకాన్నే తర్వాత రాదుగ మళ్లీ వేసిన సందర్భాలున్నాయి. రెండిటికీ ఒకే ధర ఉండాల్సిన పని లేదు.

కండిషన్: పిల్లల పుస్తకాలకి ఇదే ప్రాణం

పెద్దల నవలలు బీరువాలో ఉంటాయి. పిల్లల పుస్తకాలు పిల్లల చేతుల్లో ఉంటాయి. బొమ్మలకి రంగులేస్తారు, నచ్చినవి కత్తిరించి నోటుబుక్కులో అంటిస్తారు, పజిల్స్ పెన్నుతో నింపేస్తారు. అందుకే చెక్కుచెదరని కాపీకి అంత గిరాకీ. ‘గుడ్ కండిషన్’ అన్న రెండు మాటలతో తృప్తిపడకండి. ఆ మాటకి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం.

అమ్మేవారికి మర్యాదగా ఇలా రాయండి: “నమస్తే అండీ. మీరు పెట్టిన 1962 బైండు తీసుకుందామనుకుంటున్నాను. ప్రతి సంచికకీ ముందట్ట, వెనకట్ట ఉన్నాయా? మొదటి పేజీ, ఆఖరి పేజీ, కుట్టు దగ్గర, అన్నిటికంటే బాగా పాడైన పేజీ ఫొటోలు పెడతారా? చినిగినవి, కత్తిరించినవి ఉంటే చెప్పండి. పోస్టేజీతో కలిపి ఎంతవుతుంది?” ‘బాగా పాడైన పేజీ’ అని అడగడమే ఇందులో కీలకం. నిజాయితీగా అమ్మేవాళ్లు వెంటనే పంపుతారు. దాటవేస్తే అందులోనే మీకు జవాబు దొరికినట్టు.

ఫొటోల్లో చూడాల్సినవి: పేజీలు పూర్తిగా ఉన్నాయా, అట్ట అసలుదేనా, పిన్నుల దగ్గర తుప్పు తిని మధ్య పేజీలు ఊడాయా, పురుగు తొలిచిన రంధ్రాలు అక్షరాల దాకా వచ్చాయా, సెల్లో టేపు అంటించారా. టేపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చిరుగు కనబడకుండా అంటించిన టేపు కొన్నేళ్లకి గోధుమరంగు మరకై కాగితంలోకి దిగిపోతుంది, ఇక తీయడం కుదరదు. చిరుగు ఉన్న కాపీ కంటే టేపు అంటించిన కాపీకే నేను తక్కువ కడతాను. బూజు వాసన ఉందేమో కూడా అడగండి. బూజు పట్టిన పుస్తకం మీ అల్మరాలో మిగతావాటికీ అంటిస్తుంది, ఎంత చవకైనా వద్దు.

పేజీలు పూర్తిగా ఉన్నాయో లేదో తేల్చడానికి స్కాన్లు గొప్పగా పనికొస్తాయి. అదే సంచిక స్కాన్ తెరిచి, పేజీల సంఖ్య, ఆఖరి పేజీలో ఏముందో చూసి, అమ్మేవారిని ‘ఫలానా పేజీ ఫొటో’ అని అడగండి. సీరియల్ ఉన్న పేజీలు, ఫొటో వ్యాఖ్యల పోటీ పేజీ ఉన్నాయో లేదో అలా సరిచూసుకోవచ్చు.

పేరు రాసి ఉంటే? ‘చి. లక్ష్మికి పుట్టినరోజు కానుక’ లాంటి రాతలు ఇంకుతో మొదటి పేజీలో ఉంటాయి. కొందరు కలెక్టర్లు దీనికి ధర తగ్గిస్తారు. నా మటుకు నాకు అవి పుస్తకానికి అందమే. బేరంలో మాత్రం దీన్ని తగ్గింపు కారణంగా చెప్పుకోవచ్చు, ఎదుటివాళ్లు తప్పుపట్టరు. గ్రంథాలయం ముద్ర ఉంటే సంగతి వేరు. ఏదైనా శాఖా గ్రంథాలయం ముద్ర, అక్సెషన్ నంబరు (గ్రంథాలయం వాళ్లు పుస్తకానికి వేసే వరస సంఖ్య) ఉండి, ‘తొలగించబడినది’ అన్న గుర్తేమీ లేకపోతే అది ఎలా బయటికొచ్చిందో అడగండి. జవాబు సరిగా లేకపోతే ఏ ధరకీ తీసుకోకండి.

అసలా, ప్రింటవుటా?

స్కాన్లు అందరికీ అందుబాటులోకి వచ్చాక వాటిని రంగుల్లో ప్రింట్ తీసి, బైండు చేసి అమ్మేవాళ్లూ వచ్చారు. ‘రీప్రింట్ కాపీ’ అని చెప్పి అమ్మితే కొనేవాళ్లకి తెలుస్తుంది (హక్కుల ప్రశ్న వేరే ఉంది). చెప్పకుండా అమ్మితేనే చిక్కు. దగ్గరి నుంచి తీసిన ఫొటో చాలు, పట్టేయొచ్చు. ముందు కాగితం అంచు చూడండి. అసలు పాత కాగితం అంచు నుంచే పసుపెక్కుతుంది, అక్కడే ఎక్కువ ముదురుగా ఉంటుంది. ప్రింటవుట్‌లో పేజీ అంతా పసుపుగా ఉండి అంచు మాత్రం తెల్లగా మెరుస్తుంది, ఎందుకంటే ఆ పసుపు కూడా అచ్చయిందే. తర్వాత పిన్నుల చోటు చూడండి. అసలు కాపీలో తుప్పు మరక కాగితంలోకి దిగి వెనకపేజీలో సరిగ్గా అదే చోట కనబడుతుంది. ప్రింటవుట్‌లో పిన్ను బొమ్మ ఉంటుంది కానీ పిన్ను ఉండదు. పుస్తకం చేతికొచ్చాక ఇంకో పరీక్ష ఉంది: లెటర్‌ప్రెస్‌లో, అంటే సీసపు అక్షరాలు కాగితం మీద నొక్కే పాత పద్ధతిలో, అచ్చయిన పేజీని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే అక్షరాలు కాగితంలోకి కొద్దిగా నొక్కుకున్నట్టు కనిపిస్తాయి, వెనకవైపు వేలితో తడిమితే తెలుస్తుంది. లేజర్ ప్రింటులో ఇది ఉండదు.

అడిగిన ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు

ఈ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఓఎల్ఎక్స్‌లో ఎవరో ఒక సంచికకి అయిదువేలు పెట్టారనుకోండి. ఆర్నెల్ల తర్వాత కూడా అది అక్కడే ఉంటే దాని ధర అయిదువేలు కాదు, ఆ ధరకి కొనేవాళ్లు లేరని అర్థం. అయినా అదే చూసి ఇంకొకరు నాలుగువేలు పెడతారు, దాన్ని చూసి మూడోవారు ‘మార్కెట్ రేటు అంతే’ అంటారు. మీరు సేకరించాల్సింది డబ్బు చేతులు మారిన ధరలు.

ఈబేలో ‘సోల్డ్ ఐటమ్స్’ అని ఫిల్టర్ ఉంటుంది. అది నొక్కితే సుమారు గత మూడు నెలల్లో ఏది ఎంతకి అమ్ముడయిందో కనిపిస్తుంది. ఇంగ్లిష్ పిల్లల పుస్తకాలకీ, కామిక్స్‌కీ ఇది బాగా పనికొస్తుంది, తెలుగు పుస్తకాలకి అంతగా దొరకవు. మన గ్రూపుల్లో ఏమవుతుందంటే, పోస్టు కింద ‘సోల్డ్’ అని పెట్టేస్తారు, ధర మాత్రం ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది. అలాంటప్పుడు అమ్మినవారిని తర్వాత నెమ్మదిగా అడగండి: “అండీ, నేనూ అదే వెతుకుతున్నాను, ఎంతకి వెళ్లిందో చెబుతారా?” కొన్నవారిని అడిగినా చాలాసార్లు సంతోషంగా చెబుతారు. ఒక చిన్న నోట్‌బుక్కో ఫోన్‌లో ఒక షీటో పెట్టుకుని తేదీ, పుస్తకం, ముద్రణ, కండిషన్, అడిగింది, అమ్ముడయింది రాసుకుంటూ పోండి. ఒక ఇరవై ముప్ఫై ఎంట్రీలు పడేసరికి ధర చూడగానే ఎక్కువా తక్కువా అన్నది మీకే తోస్తుంది.

గ్రూపుల్లో వేలాలు జరుగుతుంటాయి కదా, ఆ ధరల్ని కొంచెం జాగ్రత్తగా తీసుకోండి. ఇద్దరు పట్టుదలకి పోయి పెంచిన ధర ఆ ఒక్క రాత్రికే నిజం. అదే సంచిక వచ్చేనెల మళ్లీ వస్తే ఆ ఇద్దరిలో ఒకరి దగ్గర అప్పటికే ఉంటుంది. వేలంలో దిగేముందే మీ గరిష్ఠ ధర కాగితం మీద రాసుకుని, అక్కడ ఆగిపోండి.

బయటి ధర కూడా తెలిసుండాలి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఒకసారి తిరిగి చూడండి. అక్కడ తక్కువకి దొరికిందని ఆన్‌లైన్ వాళ్లని దొంగలన్నట్టు మాట్లాడటం మాత్రం సబబు కాదు. ఎండలో గుట్టలు తిరగేసి ఆ ఒక్క పుస్తకం బయటికి తీసింది వాళ్లు, దుమ్ము దులిపింది, ఫొటోలు తీసింది, ప్యాక్ చేసి పోస్టాఫీసులో నిలబడేది కూడా వాళ్లే. ఫుట్‌పాత్ ధర కంటే రెండింతలో అంతకి కొంచెం ఎక్కువో అడిగితే నాకది న్యాయంగానే అనిపిస్తుంది. పదింతలు అడిగితే మాత్రం ఆ పుస్తకంలో అంత ప్రత్యేకత ఏముందో వాళ్లు చెప్పగలగాలి.

‘రేర్’ అంటే ఏది?

పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. డెబ్బైలు, ఎనభైల నాటి చందమామలు ఎన్నో ఇళ్లలో అటకల మీద ఇప్పటికీ ఉన్నాయి. అరుదైనవి ఏవంటే మొదటి పదేళ్ల సంచికలు, అందులోనూ అట్టతో ఉన్నవి. ఒక సీరియల్ మొదటి భాగం నుంచి చివరి భాగం దాకా తెగకుండా ఉన్న వరస కూడా అరుదే. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ల కోసం, చిత్రా, శంకర్ గార్ల బొమ్మల కోసం ప్రత్యేకంగా వెతికేవాళ్లున్నారు కాబట్టి అలాంటి వరసలకి విడి సంచికల మొత్తం కంటే కొంత ఎక్కువ ఇవ్వొచ్చు. న్యాయపతి రాఘవరావు గారి ‘బాల’ సంచికలు చందమామ కంటే బాగా తక్కువగా కనబడతాయి. వాటికి పోల్చుకునే ధరలు కూడా పెద్దగా దొరకవు, అక్కడ మీ గరిష్ఠ ధరే మీకు కొలత.

బైండు లెక్క వేసి చూద్దాం

ఇళ్లలో పన్నెండు సంచికలు కలిపి బైండు చేయించడం అలవాటు. బైండింగ్ వాళ్లు అంచులు కోసేస్తారు, ఒక్కోసారి అట్టలు, ప్రకటనల పేజీలు తీసేస్తారు. అందుకే బైండుని ఎప్పుడూ విడి సంచికలుగా విడగొట్టి లెక్కేయండి. అంకెలు కేవలం లెక్క చూపించడానికే వేస్తున్నాను, మీ నోట్‌బుక్‌లోని ధరలు పెట్టుకోండి.

ఒక ఏడాది బైండుకి తొమ్మిదివేలు అడుగుతున్నారు. ఆ కాలం నాటి విడి సంచిక అట్టతో నాలుగొందలకి అమ్ముడైనట్టు మీ దగ్గర రాసి ఉంది. బైండులో ఏడు సంచికలకి అట్టలున్నాయి, కానీ అంచులు కోశారు కాబట్టి ఒక్కోటి మూడొందలు వేద్దాం: 2,100. నాలుగింటికి అట్టలు లేవు, ఒక్కోటి 150 చొప్పున 600. ఒకదానిలో పేజీలు పోయాయి, దానికి 75. మొత్తం 2,775. పోస్టేజీ 150 కలిపితే 2,925. తెగని ఏడాది అన్న ముచ్చటకి ఇంకో నాలుగైదొందలు కలుపుకున్నా మూడున్నర వేల లోపే. ఇప్పుడు తొమ్మిదివేలన్న అంకె మిమ్మల్ని భయపెట్టదు, మీ లెక్క అమ్మేవారికి చూపించి మాట్లాడొచ్చు. “అట్టలు లేనివి నాలుగున్నాయి కదండీ, ఒకదానిలో పేజీలు పోయాయి. నేను మూడువేల మూడొందలు ఇవ్వగలను” అంటే అది బేరమే కానీ అవమానం కాదు. కారణం చెప్పకుండా ‘లాస్ట్ ప్రైస్ చెప్పు’ అని పెట్టే మెసేజ్‌కి ఎవరికైనా చిరాకే.

పోస్టేజీ, విదేశాల్లో ఉన్నవాళ్లు

పోస్టేజీ ధరలో భాగమే. 2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం ‘జ్ఞాన్ పోస్ట్’ నడుపుతోంది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్నులు అదనం. పత్రిక సంచికలకి అది వర్తిస్తుందో లేదో పంపేముందు కౌంటర్‌లో అడిగించండి. కొరియర్ పేరుతో నాలుగైదొందలు అడిగితే ఈ దారి ఉందని గుర్తుచేయండి. వానాకాలంలో ప్లాస్టిక్ కవరు, రెండువైపులా గట్టి అట్టముక్క పెట్టమని అడగడం మరిచిపోవద్దు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే డాలర్లలో కనబడే ధరల్ని ప్రమాణంగా తీసుకోకండి. అక్కడ తెలుగు పుస్తకాలు అమ్మేవాళ్లు కొద్దిమందే, వాళ్లు పెట్టిందే ధర. ఇండియాలో రూపాయల్లో కొని అమ్మానాన్నల ఇంటికో చుట్టాలింటికో తెప్పించుకుని, వచ్చేవాళ్లతో తెప్పించుకోవడం చాలామంది చేసే పనే. బేరం పూర్తయ్యేదాకా ఇండియా అడ్రసే ఇవ్వండి.

తక్కువ ధర చెప్పినప్పుడు

ఒక్కోసారి వ్యవహారం తిరగబడుతుంది. తాతగారి అల్మరా ఖాళీ చేస్తూ ఎవరో ‘పాత పిల్లల పుస్తకాలు, కిలోల లెక్కన’ అని పెడతారు. ఫొటోలో యాభైల నాటి సంచికలు కనిపిస్తాయి. వ్యాపారులు పెట్టిన ధరకి కొనుక్కోవడంలో తప్పు లేదు, ధర తెలుసుకోవడం వాళ్ల పని. ఇంట్లోవాళ్లకి మాత్రం తెలియదు. వాళ్లకి ‘ఇవి కిలో లెక్కన ఇచ్చేవి కాదండీ, నేను సంచికకి ఇంత ఇస్తాను’ అని చెప్పండి. మీ నోట్‌బుక్ ధరలో సగం ఇచ్చినా వాళ్లు ఊహించిన దానికంటే ఎక్కువే అవుతుంది. అలాంటి ఇళ్ల నుంచే రెండో విడత, మూడో విడత పుస్తకాలు కూడా ముందు మీకే చెప్పి ఇస్తారు.

డబ్బు కట్టడం, పార్సెల్ విప్పడం

కొత్తవాళ్ల దగ్గర మొదటిసారి చిన్న మొత్తంతో మొదలుపెట్టండి. పెద్ద మొత్తమైతే వీడియో కాల్‌లో పేజీలు తిప్పి చూపించమనండి, గ్రూపులో వాళ్ల దగ్గర కొన్నవాళ్లని ఇద్దరిని అడగండి. యూపీఐలో పంపేటప్పుడు కనబడే పేరు, మీతో మాట్లాడిన పేరు ఒకటేనా అని చూసుకోండి. ‘ఇంకో పది నిమిషాల్లో ఎవరో తీసుకుంటున్నారు’ అని తొందరపెడితే తీసుకోనివ్వండి.

పార్సెల్ వచ్చాక కవరు కోసే ముందు నుంచే వీడియో తీయండి. అదే రోజు పేజీలన్నీ లెక్కపెట్టండి, చెప్పని లోపం కనబడితే ఆ పేజీ ఫొటోతో మెసేజ్ పెట్టండి. మొత్తం వెనక్కి పంపాల్సిన అవసరం ప్రతిసారీ ఉండదు. ‘ఈ నాలుగు పేజీలు లేవండీ, మూడొందలు వెనక్కి వేస్తారా’ అంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ సర్దుబాటు అయ్యాక చివరికి ఎంత పడిందో, పోస్టేజీతో కలిపి, షీట్‌లో ఎక్కించండి.